పేటకు పార్కు కావాలంటే పల్లాన్ని పూడ్చకండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది అమలాపురానికి దగ్గరలో ఒక కాలనీ. అరవై గడపలుంటాయి. మగవాళ్ళు తాపీపనికీ, కొబ్బరి దింపులకీ, ఆటోలకీ పోతారు. ఆడవాళ్ళం నాట్లకూ, రొయ్యల షెడ్లకూ పోతాం. కాలనీ చివర మురుగుకాలువను ఆనుకుని 40 సెంట్ల ఉమ్మడి స్థలం ఉంది. ఏళ్ళ తరబడి చెత్త అక్కడే పడుతోంది. వానాకాలంలో మోకాలిలోతు నీళ్ళు నిలుస్తాయి. అక్కడ పార్కు కావాలని ఈ ఏడు గ్రామసభలో తీర్మానం చేయించుకున్నాం. పెద్దలేమో ముందు గ్రావెల్ తోలి పూడ్చి, చుట్టూ ప్రహరీ కట్టి, టైల్స్ బాట, మధ్యలో ఫౌంటెన్ పెడదామంటున్నారు. మా డ్వాక్రా సంఘం వాళ్ళం చెట్లు కావాలంటున్నాం. అందంగా ఉండాలి, దోమలు పెరగకూడదు, తరువాతి ఖర్చు మా చేతిలో ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?
— ఒక డ్వాక్రా సంఘం సభ్యురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ‘ముందు పూడ్చి’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. చెట్ల గురించీ, బాటల గురించీ తీరిగ్గా ఆలోచించుకోవచ్చు, తప్పు జరిగితే దిద్దుకోనూవచ్చు. పల్లాన్ని ఒకసారి గ్రావెల్‌తో పూడ్చాక మాత్రం దాన్ని తిరిగి తవ్వించే డబ్బూ ఓపికా ఏ పేటకూ ఉండవు. కాబట్టి ఆ ఒక్క పని జరగనివ్వకండి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా అంతటా విస్తరించిన కాలువలకు ఒక పద్ధతి ఉంది. పంటకాలువ మెరక మీదుగా నడుస్తుంది, మురుగుకాలువ పల్లంలో నడుస్తుంది. నీరు దానంతట అది చేలలోకి జారాలంటే పంటకాలువ ఎత్తున ఉండాలి. చేలు వదిలిన నీరు సముద్రం దారి పట్టాలంటే డ్రెయిను పల్లాన ఉండాలి. పాత ఊళ్ళు మెరక చూసుకుని వెలిశాయి. తరువాత వచ్చిన పేటలకూ కాలనీలకూ చాలాచోట్ల దక్కింది డ్రెయిను పక్క పల్లమే. మీ 40 సెంట్లలో నిలిచే నీరు ఆ స్థలానికి పట్టిన రోగం కాదు. మీ అరవై ఇళ్ళ మీద పడిన వాన చివరికి చేరే చోటు అది. దాన్ని పూడిస్తే ఆ నీరు మరో చోటు వెతుక్కుంటుంది, పేటలో దానికి దొరికే తరువాతి పల్లం ఎవరి ఇల్లో మీకే తెలుసు.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఇరవై ఏళ్ళ క్రితం పశ్చిమ డెల్టాలోని ఒక పట్టణంలో ఇలాంటి స్థలానికే నేను నక్షా గీశాను. మూడడుగుల గ్రావెల్ పోయించి, చదును చేయించి, పైన కొరియన్ గడ్డి పరిపించాను. ప్రారంభించిన రోజున ముచ్చటగానే ఉంది. అక్టోబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిస్తే పార్కులో చుక్క నిలవలేదు, వెనక వరసలోని ఇళ్ళన్నీ మునిగాయి. నేను వెళ్ళేసరికి ఒక ముసలమ్మ బియ్యం డబ్బాను మంచం మీదికి ఎక్కించి, తాను గడప మీద కూర్చుని ఉంది. “పార్కు బాగుంది బాబూ, ఇదివరకు ఈ నీళ్ళు అక్కడ ఉండేవి” అంది. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

కాబట్టి నక్షా గీయించే ముందు నేల ఎత్తుపల్లాలు తెలుసుకోండి. ఇందుకు ఇంజనీరు రావలసిన పని లేదు. తాపీమేస్త్రీల దగ్గర సన్నని పారదర్శకమైన లెవెల్ గొట్టం ఉంటుంది. గాలిబుడగ లేకుండా దాన్ని నీళ్ళతో నింపి, ఒక కొసను తూము దగ్గర ఒకరు, రెండో కొసను స్థలంలో మరొకరు పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ప్రతి పదడుగులకు ఒక వెదురు కర్ర పాతి, ఆ మట్టం దగ్గర సున్నంతో గీత పెట్టుకుంటూ పొండి. గీత నుంచి నేల దాకా దూరం ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ అంత పల్లం. మీ కాలనీలో తాపీపని వాళ్ళు ఉన్నారు గనుక ఒక ఆదివారం పూటలో ముగిసే పని ఇది. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి, పదిహేనేళ్ళ తరువాత ఈ పార్కును చూసుకోవలసింది వాళ్ళే. అలాగే ఆగస్టులో ఒకచోట గజం లోతు గొయ్యి తవ్వి గంటసేపు చూడండి. చాలాచోట్ల అడుగు నుంచి నీరు ఊరి పైకి వస్తుంది. అలా వచ్చిందంటే ఇంకుడుగుంతలు మీకు పనికిరావని అర్థం. మెట్ట ప్రాంతాల కోసం చెప్పిన ఆ ఉపాయం, కింద నీరు నిండి ఉన్న నల్ల ఒండ్రునేలలో పనిచేయదు.

ఇక స్థలాన్ని ఎలా మలచాలన్నది మన పెద్దలకు బాగా తెలిసిన విద్యే. కోనసీమలో ఇల్లు కట్టుకునేవారు దొడ్లో గుంట తవ్వి, ఆ మట్టితోనే ఇంటి మెరక పోసుకునేవారు. కొబ్బరితోటలో బోదెలు తీసి, ఆ మట్టిని చెట్ల వరసలకు ఎత్తేవారు. పార్కులోనూ అదే చేయండి. అన్నిటికన్నా పల్లంగా తేలిన మూల 10 సెంట్ల మేర, నడిమధ్య నాలుగడుగుల లోతు ఉండేలా గుంట తవ్వించండి. వచ్చిన మట్టితో మరో 10 సెంట్లు రెండడుగుల ఎత్తు మెరక అవుతుంది. బయటి నుంచి ఒక్క ట్రాక్టరు గ్రావెల్ కూడా తోలించనక్కర లేదు. అయితే పాత చెత్తను మాత్రం ముందే ఏరి బయటికి పంపండి. గాజుపెంకులూ ప్లాస్టిక్కూ మెరకలో కలిసిపోతే అక్కడ చెట్టూ పెరగదు, పిల్లలూ ఆడలేరు.

గుంట గురించి కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే చాలామంది లోతుగా తవ్వితే ఎక్కువ నీరు పడుతుందనుకుంటారు. వానాకాలంలో మన గుంటలు అడుగున ఊటతోనే నిండి ఉంటాయి. పైన ఖాళీగా మిగిలే రెండడుగులే వాననీటికి దొరికే చోటు. అందుకే లోతు కన్నా వెడల్పు ముఖ్యం. మీ 40 సెంట్ల మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే వచ్చే నీరు సుమారు లక్షా 60 వేల లీటర్లు. 10 సెంట్ల గుంటలో, గట్లు వాలుగా ఉన్నా, పై రెండడుగుల్లో లక్షన్నర లీటర్లకు పైగా పడుతుంది. కాలనీ నుంచి వచ్చే మిగతా నీటికి డ్రెయినులోకి తూము ఉండాలి. ఆ తూముకు బయటి వైపు తలుపు పెట్టించండి. డ్రెయిను నిండి వెనక్కి తన్నినప్పుడు తలుపు దానంతట అది మూసుకుంటుంది, డ్రెయినులో నీరు తగ్గినప్పుడు తెరుచుకుంటుంది. బ్యాంకాక్ కూడా మనలాగే నదీ డెల్టాలోని పల్లపు నగరం. అక్కడి చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయ శతాబ్ది పార్కు 2017లో తెరిచారు. 11 ఎకరాల ఆ స్థలాన్నంతా ఒకవైపుకు వాలుగా మలచి, కింది కొసన చెరువు ఉంచి, 10 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 38 లక్షల లీటర్లు పట్టేలా అక్కడి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కొచ్చకార్న్ వొరాఖోమ్ రూపొందించారు. వారి డబ్బు మనకు లేకపోవచ్చు గానీ వారు చేసిన ఆలోచన మన దొడ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే.

గుంట గట్టు నిలువుగా, సిమెంటు గోడతో కట్టనివ్వకండి. జారిన బిడ్డ మళ్ళీ పైకి రాలేదు. ఒక అడుగు దిగడానికి నాలుగడుగులు నడవవలసినంత వాలు ఉంటే, జారిన పిల్లవాడు వెనక్కి రావడం తేలికవుతుంది. ఆ వాలు మీద గరిక వేయండి. నీట మునిగినా బతుకుతుంది, వినాయక చవితికి పేటంతా కోసుకుపోయినా మళ్ళీ వస్తుంది.

దోమల భయం మీది సరైన భయమే. బోదకాలుతో ఉభయగోదావరి జిల్లాలు తరాల తరబడి పడిన బాధ నాకు తెలుసు. ఆ వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ ఎక్కువగా మురికినీటిలో పెరుగుతుంది. మన వేడికి గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందువల్ల రెండు విషయాలలో రాజీ పడవద్దు. ఒకటి, మరుగుదొడ్ల నీరు ఏ రూపంలోనూ గుంటలోకి రాకూడదు. రెండోది, గుంట గుర్రపుడెక్క కప్పకుండా, ఎండ తగిలే నీటితో, చేపలతో ఉండాలి. గాంబూసియా చేపలు ఇస్తామని ఎవరైనా అంటే వద్దనండి. అవి విదేశీ చేపలు, ముంపులో కాలువల్లోకి వెళ్ళి మన చిన్న చేపల్ని బతకనివ్వవు. పంటబోదెల్లో పిల్లలు గుడ్డతో పట్టే చిన్న చేపలు చాలు, వాటికి దోమపిల్లలే తిండి. కొబ్బరిడొక్కలూ, చిప్పలూ, టైర్లూ పోగుపడకుండా చూడటం గుంటను చూసుకోవడం కన్నా ముఖ్యమైన పని అని కూడా చెప్పాలి.

వంటింటి, స్నానాల నీటిని శుభ్రం చేసి వాడుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే, రెండడుగుల లోతు కంకరపరుపులో జమ్మూ మెట్టతామరా నాటి దాని గుండా మెల్లగా నడిపించవచ్చు. మనిషికి చదరపు మీటరు నుంచి రెండు చదరపు మీటర్ల పరుపు కావాలి. అరవై ఇళ్ళకంటే అది పార్కులో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. పార్కును ఆనుకున్న పదిహేను ఇళ్ళకు మాత్రమే పెట్టుకుంటే ఒకటిన్నర నుంచి మూడు సెంట్లలో సరిపోతుంది. నీరు కంకర పైకి కనిపించకూడదు. కనిపించిందంటే అక్కడే దోమ.

ఇప్పుడు చెట్లు. గుంట గట్టున, నీటి తడి ఎప్పుడూ ఉండేచోట తెల్లమద్ది, నేరేడు, కానుగ, గంగరావి పెట్టండి. ఇవి వేళ్ళ దగ్గర నీరు నిలిచినా తట్టుకుంటాయి. వేపను మెరక మీదే నాటండి, కాళ్ళు తడిస్తే అది వాడిపోతుంది. కూర్చునే చోట నీడకు పొగడ, పొన్న నాకు ఎంతో ఇష్టం. నింపాదిగా పెరుగుతాయి గానీ చిక్కటి నీడనిస్తాయి. రావిచెట్టు ఒక్కటి చాలు, గోడకూ తూముకూ కనీసం 30 అడుగుల దూరాన. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరగడం చూసినవారికి గాలి ఎలా ఉంటుందో చెప్పనక్కర లేదు. తురాయి, ఆకాశమల్లె పూలకు అందమే గాని కొమ్మలు పెళుసు, పిల్లలు ఆడేచోట వద్దు. కొబ్బరి కూడా అక్కడ వద్దు. కాయా మట్టా ఎప్పుడు ఎవరి నెత్తిన పడతాయో చెప్పలేం. నడక లేని గట్టు చివర రెండో మూడో ఉంచుకోండి, సంఘానికి కాయల డబ్బు వస్తుంది. కోనోకార్పస్‌ను ఎంత త్వరగా పచ్చబడుతుందని చెప్పినా తీసుకోకండి. దాని పుప్పొడితో ఊపిరి ఇబ్బందులు వస్తున్నాయన్న ఫిర్యాదులూ, వేళ్ళు గొట్టాల్లోకి చొచ్చుకుపోతున్నాయన్న ఫిర్యాదులూ పెరిగాక గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది.

మొక్కలకు కడియం నర్సరీలకే వెళతారు కదా. పదడుగుల చెట్టు చూసి ముచ్చటపడకండి. సంచిలో ఏళ్ళు గడిపిన ఆ చెట్టుకు వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయి ఉంటాయి. మూడడుగుల మొక్క అడగండి, ఒకదాని సంచి కోసి చూపించమనండి. వేళ్ళు కిందికి పోతుంటే తీసుకోండి, సంచి లోపలి గోడ వెంట తాడులా తిరుగుతుంటే వదిలేయండి. నేల మట్టానికి అడుగు ఎత్తున దిబ్బ పోసి దాని మీద నాటాలి, గొయ్యి తవ్వి పల్లంలో కాదు. చుట్టూ ఎండుగడ్డో, కొబ్బరి పొట్టో పరవండి. సముద్రపు నీటిలో నానిన పొట్టు అయితే ముందు మంచినీటితో రెండుసార్లు కడగండి, దానిలో ఉప్పు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు నీళ్ళ ఇబ్బంది వస్తుంది. మొదటి రెండు వేసవులు గుంటలోని నీరే మీ మొక్కల్ని కాపాడుతుంది.

అందం సంగతి చివర చెబుతున్నానంటే అది చిన్న విషయమని కాదు. ‘కూలీల పేట కదా, నాలుగు బల్లలు వేస్తే చాలు’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ బాధపడ్డాను. పొద్దున్న నాలుగింటికి లేచి రొయ్యల షెడ్డుకు పోయి, వేళ్ళు నాని పాలిపోయి ఇంటికి వచ్చే మనిషికి అందమైన చోటు కావలసిన అవసరం ఎవరి కన్నా తక్కువ? శరదృతువులో తెల్లవారుజామున పారిజాతం రాలే చోట బాట పక్కన మట్టినేల ఉంచండి, సిమెంటు మీద రాలిన పువ్వు తొక్కుడులో నలిగిపోతుంది. నందివర్ధనం, మందారం, సన్నజాజి పూజకు కోసుకుపోయినా మిగిలేటంత ఎక్కువగా వేయండి. పూలు కోయరాదని బోర్డు పెట్టిన పార్కు ఆడవాళ్ళది కాదు. మెరక మీద పదహారు మంది కూర్చునేలా పెద్ద అరుగు ఒకటి కట్టండి, అది పెళ్ళిమాటలకూ పనికివస్తుంది, సంఘం సమావేశానికీ పనికివస్తుంది. సంక్రాంతి ముగ్గులకు కొంత ఖాళీనేల వదలండి. అట్లతద్దికి ఊగే ఉయ్యాలను చెట్టుకొమ్మకు కాకుండా ఇనుప స్తంభాలకు వేయించండి. కార్తీకంలో దీపం వదలడానికి గుంటలోకి ఐదారు వెడల్పాటి మెట్ల రేవు, వనభోజనానికి ఒక ఉసిరిచెట్టు ఉండాలి.

గేటు పేట వైపు ఉండాలి. రోడ్డున పోయేవారికి కనిపించాలని గేటూ బోర్డూ రోడ్డు వైపు పెట్టించి, ఎవరి కోసం కట్టారో వారు చుట్టూ తిరిగి రావలసివచ్చిన పార్కులు చూశాను. ప్రహరీకి బదులు నడుమెత్తు వావిలి కంచె వేస్తే గోడ డబ్బు మిగులుతుంది, సాయంత్రం లోపల కూర్చున్న ఆడపిల్ల ఇంటి గుమ్మం నుంచి అమ్మకు కనిపిస్తుంది. ఫౌంటెన్ వద్దు. మోటారు ఆగిన నెల నుంచి అది దోమల తొట్టి అవుతుంది. ఆ డబ్బుతో రెండు దీపాలు, ఒక మరుగుదొడ్డి, ఒక తాగునీటి కుళాయి కట్టించండి.

పని మొదలుపెట్టే ముందు సర్వేయరుతో స్థలం హద్దులు కొలిపించి, అందులో డ్రెయిను పోరంబోకు ఎంతో, పంచాయతీది ఎంతో కాగితం మీద రాయించుకోండి. డ్రెయిను గట్టు మీద చెట్లు నాటితే పూడిక తీసే యంత్రం వచ్చిన రోజున అవి పోతాయి. ఎవరైనా ఆ ఉమ్మడి స్థలం మీద కన్నేస్తే, గ్రామ ఉమ్మడి భూములనూ చెరువులనూ ఆక్రమణల నుంచి కాపాడాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అర్జీలో ప్రస్తావించండి.

ప్రశ్న: భీమవరం పక్కన మా కాలనీలో 12 సెంట్ల ఖాళీ స్థలం ఉంది. మియావాకీ పద్ధతిలో చిట్టడవి పెంచితే మంచిదని మిత్రులంటున్నారు. మీ సలహా ఏమిటి?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు మొక్కలు నాటుతారు. మీ 12 సెంట్లంతా అలా నాటితే పదిహేను వందల నుంచి రెండు వేల నాలుగు వందల మొక్కలు పడతాయి. మూడేళ్ళకు లోపలికి పిల్లి తప్ప మనిషి దూరలేడు. బీడుపడిన కొండవాలుకో, కర్మాగారం చుట్టూ ఉన్న భూమికో అది మంచి పద్ధతి. చుట్టుపక్కల మరొక ఖాళీజాగా లేని కాలనీలో మాత్రం ఉన్న ఒక్క స్థలాన్నీ పిల్లలకు కాకుండా చేయడం నాకు సమ్మతం కాదు. రోడ్డు వైపు రెండు సెంట్ల పట్టీలో దట్టంగా నాటుకోండి, దుమ్మూ చప్పుడూ ఆగుతాయి, పిట్టలూ చేరతాయి. మిగిలిన పది సెంట్లలో ఎడంగా ఆరేడు పెద్ద నీడచెట్లు, వాటి కింద ఆడుకునే నేల ఉంచండి.

ప్రశ్న: మాది నరసాపురం దిగువన, సముద్రానికి దగ్గర. పక్కన రొయ్యల చెరువులు వచ్చాక మా పేట ఉమ్మడి స్థలంలో నాటిన మొక్కలు రెండుసార్లు చనిపోయాయి. ఆకుల అంచులు మాడి రాలిపోతున్నాయి. ఇక ఆశ వదులుకోవలసిందేనా?
— ఒక పాఠకుడు

జవాబు: ఆశ వదులుకోనక్కర లేదండీ, కానీ మొక్కలు కొనే ముందు మట్టిని పరీక్షకు పంపండి. ఆకు అంచు మాడటం ఉప్పు లక్షణమే. పరీక్షలో విద్యుత్ వాహకత, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే దాన్ని ఉప్పునేలగా లెక్కిస్తారు. చెరువుల వైపు హద్దు వెంట మూడడుగుల లోతు ఊటకాలువ తవ్వి డ్రెయినులోకి కలిపితే, చెరువు గట్టు నుంచి ఊరే ఉప్పునీరు మీ నేలలోకి రాకముందే దారి మళ్ళుతుంది. ఇది చేయకుండా ఎన్ని మొక్కలు మార్చినా ఫలితం ఇదే. ఆ కాలువ చెరువుల వారే తవ్వించి ఇవ్వాలని పంచాయతీ ద్వారా అడగండి, అడగడం న్యాయమే.

ఆ తరువాత సముద్రం వైపు సరుగుడు రెండు వరసలు గాలికి అడ్డంగా, దాని లోపల పొన్న, గంగరావి, కానుగ, బాదం, తాటి నాటండి. పూలకు బిళ్ళగన్నేరు ఉంది, ఇసుకలో కూడా ఏడాది పొడవునా పూస్తుంది. మొక్కల్ని అడుగున్నర దిబ్బల మీద పెట్టండి. అందరూ జూన్ తొలి వానలకే నాటుతారు, మీరు మాత్రం ఆగండి. దిబ్బలు మేలోనే పోసి ఉంచి, రెండు నెలల వాన వాటిలోని ఉప్పును కిందికి కడిగాక ఆగస్టులో నాటండి. వేసవిలో బోరునీరు పోసే ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. ఉప్పగా అనిపిస్తే ఆ నీరు మొక్కకు పోయకండి. పేటలోని నాలుగైదు డాబాల మీది వాననీటిని ట్యాంకుల్లో పట్టి ఉంచుకోండి. వారానికి రెండు బిందెల మంచినీరు చాలు, పొన్న మొక్క మొదటి వేసవి గట్టెక్కుతుంది.